బడిలో పలుకుబడి

భాషాబోధన అనగానే వ్యాకరణ సూత్రాలు, పద్యాలు, ప్రతిపదార్థాలు స్ఫురిస్తాయి. కాని ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల బాలలకు భాష నేర్పేవారు అంతకు ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. పిల్లవాడు ఇంట నేర్చిన మాటను బడి ఆదరించాలా, నిరాకరించాలా? ఈ ప్రశ్న శతాబ్దానికి పూర్వమే విశాఖ ప్రాంతంలో బలంగా తలెత్తింది.

ఆనాటి వాచకాలు గ్రాంథికంలో ఉండేవి. పుస్తకంలోని 'వచ్చుచున్నాడు' అనే మాటను పండితుడు 'వస్తున్నాడు' అని వివరించేవాడు. విద్యార్థి మాత్రం ఆ వాడుకమాటను పరీక్షలో రాయరాదు. 1907 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల తనిఖీ అధికారిగా ఉన్న జె.ఎ. యేట్స్ ఈ అంతరాన్ని గమనించి కారణం అడిగాడు. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంలో గురజాడ అప్పారావు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి ఆ ప్రశ్నకు సమాధానం వెదికారు. వ్యావహారిక భాషోద్యమానికి ఇదే నాంది.

గిడుగు (1863-1940) వాదానికి బలం చేకూర్చినది బోధనానుభవం. 1880లో ఆయన పర్లాకిమిడిలో దిగువ తరగతుల ఉపాధ్యాయునిగా చేరారు. సమీపంలోని కొండలలో నివసించే సవరల భాషను స్వయంగా నేర్చి, తెలుగు లిపిలో వారికి వాచకాలు రచించారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పే బడులు నెలకొల్పారు. సవర బాలునికి సవరలోనే చదువు చెప్పాలన్నప్పుడు, తెలుగు బాలునికి ఎవరూ మాట్లాడని తెలుగులో పాఠం చెప్పడం ఏమి న్యాయం?

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. గిడుగు ప్రాచీన సాహిత్యాన్ని కాదనలేదు. ఆయన కావ్యాలను, శాసనాలను లోతుగా పరిశీలించిన పండితుడు. పూర్వకావ్యాలను చదివి ఆనందించడం వేరు, నేటి రచనను పూర్వభాషలో నిర్బంధించడం వేరు అన్నదే ఆ ఉద్యమ సారాంశం.

నేడు వాచకాలు శిష్టవ్యావహారికంలోనే ఉన్నాయి. అయినా ప్రశ్న తీరలేదు. 1933లో ఓడరేవు ప్రారంభమై, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన విశాఖకు నలుదిక్కుల నుండి కుటుంబాలు తరలివచ్చాయి. ఇంట ఒడియా మాట్లాడే బాలిక, 'ఏమిటి'ని 'ఏటి' అనే బాలుడు ఒకే బల్లమీద కూర్చుంటారు. 'ఏటి' అన్నందుకు తరగతి నవ్వితే, ఆ బాలుడు మరునాడు నోరు విప్పడు. మాట్లాడనివాడు రాయలేడు.

కనుక ఉపాధ్యాయుడు ముందుగా బాలుని చేత తాను చూచిన రేవునో, సంతనో తన మాటలలోనే చెప్పించాలి. చెప్పిన దానిని రాయించాలి. పిదప దానిని వాచకభాషతో పోల్చి చూపాలి. 'ఏటి' తప్పు కాదు, అది ఇంటిమాట. అధికారికి రాసే అర్జీలో మాత్రం 'ఏమిటి' అని రాయాలి. ఈ విచక్షణ అలవడిన బాలుడు ఇంటిమాటను విడువడు, ప్రమాణభాషకు వెరవడు.

గిడుగు జన్మదినమైన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. తోటి విద్యార్థి యాసను విని నవ్వకుండా ఉండడం ఆ మహనీయునికి మనం అర్పించగల తొలి నివాళి.