చిప్పల గుట్టల్లో అండమాన్ చరిత్ర

శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) మిడిల్ పాయింట్‌లోని మానవశాస్త్ర మ్యూజియం అండమాన్ ఆదివాసుల జీవనాన్ని పరిచయం చేస్తుంది. వారి పూర్వచరిత్రకు ఆధారాలు మాత్రం చిప్పల గుట్టల్లో దొరికాయి. తరతరాలుగా తిని పారేసిన ఆల్చిప్పలు, పంది ఎముకలు, పగిలిన కుండ పెంకులు పేరుకుని ఈ గుట్టలు ఏర్పడ్డాయి. ప్రాణి చనిపోయాక అందులోని కార్బన్-14 సుమారు 5,730 ఏళ్లకు సగమవుతుంది. మిగిలినదాన్ని కొలిచి, దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ గుట్ట వయసు సుమారు 2,200 ఏళ్లని తేల్చారు.

మధ్య అమెరికాలో మాయా శిథిలాలు చూసినవారు సమీప గ్రామాల్లోని మాయా ప్రజలతో మాట్లాడవచ్చు. అండమాన్‌లో అలా కుదరదు. జారవాలు, సెంటినెలీలు ఉండే ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా వెళ్లడాన్ని 1956 నాటి రక్షణ నిబంధనలు నిషేధిస్తున్నాయి. బయటివారి నుంచి సోకే వ్యాధులను తట్టుకునే శక్తి వారిలో తక్కువ. 1877లో తట్టు గ్రేట్ అండమానీయులలో ఎందరినో బలిగొంది. అందుకే ఇక్కడి అధ్యయన యాత్ర మ్యూజియం దగ్గర, తవ్వకాల ఆధారాల దగ్గర ఆగిపోవాలి.