రాతిలో నత్త: కొత్త జాతి అని ఎప్పుడంటారు?



దసరా సెలవుల తర్వాత మా ఏడో తరగతి బాబు ఒకడు బ్యాగ్‌లో ఒక రాయి పెట్టుకొచ్చాడు. నిర్మల్ వైపు అమ్మమ్మ వాళ్ల ఊళ్లో చెలక గట్టు మీద దొరికిందట. తెల్లటి గట్టి రాయిలో బొటనవేలంత నత్త గుల్ల. "మేడమ్, ఇది కొత్త జాతా? నా పేరు పెడతారా?" అన్నాడు. నేను తొందరపడి అట్ట మీద "సముద్రపు నత్త శిలాజం" అని రాసి ల్యాబ్‌లో పెట్టించాను. రెండు రోజులకే ఆ అట్ట మార్చాల్సి వచ్చింది.

మార్పించింది నత్త నోరు. గుల్ల మొన పైకి, నోరు మన వైపు ఉండేలా పట్టుకోండి. చాలా నత్తలకు నోరు కుడి పక్కన ఉంటుంది. దీనికి ఎడమ పక్కన ఉంది. మన పూజగదిలో అరుదుగా కనిపించే దక్షిణావర్త శంఖాన్ని అలాగే మొన పైకి పెట్టి చూస్తే దాని నోరూ ఎడమకే వస్తుంది. అయితే మంచినీటి చెరువుల్లో బతికే ఫైసా రకం నత్తల్లో అది అరుదు కాదు, అన్నీ అంతే.

మన ప్రాంతానికి ఈ ఫైసాతో పాత పరిచయం ఉంది. 1830లలో మాల్కమ్‌సన్ అనే మద్రాసు సర్కారు డాక్టరు హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్లే దారిలో నిర్మల్ గుట్టల దగ్గర శిలాజాలు ఏరాడు. వాటిని లండన్‌లో సోవర్బీ పరిశీలించి, 1840లో ఒక నత్తకు ఫైసా ప్రిన్సెపీ అని పేరు పెట్టాడు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం లావా పొరలు పొరలుగా పారి మన నల్లరాతి గుట్టలు ఏర్పడ్డాయి. ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్య దొరికిన విరామంలో చెరువులు నిండాయి. ఈ నత్తలు వాటిలోవి.

మరి సముద్రపు నత్తలు? అవి రాజమండ్రి దగ్గర ఉన్నాయి. గోదావరికి ఇటు పంగిడి, అటు కాతేరు. అక్కడి లావా పొరల దగ్గర సన్నగా, పొడవుగా, మర మేకులా ఉండే టరిటెల్లా గుల్లలు దొరుకుతాయి. నాగపూర్‌లో ఉన్న మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 1860లో వాటిలో ఒకదానికి టరిటెల్లా ప్రేలాంగా అని పేరు పెట్టాడు. ప్రేలాంగా అంటే లాటిన్‌లో చాలా పొడవైనది. టరిటెల్లాలు సముద్రంలో బతికేవి కాబట్టి, ఆ కాలంలో సముద్రం రాజమండ్రి దాకా వచ్చిందని తెలిసింది. నా అట్ట అలాగే ఉండి ఉంటే నిర్మల్‌కు కూడా సముద్రం తెచ్చిపెట్టినదాన్ని అయ్యేదాన్ని!

ఇక బాబు ప్రశ్న. దొరికినంత మాత్రాన కొత్త జాతి కాదు. ముందు గుల్లకు ఎన్ని చుట్లున్నాయి, గీతలు ఎలా ఉన్నాయి, నోరు ఏ ఆకారంలో ఉంది అని కొలతలతో రాయాలి. అంతకుముందు పేరు పెట్టిన జాతులన్నిటితో పోల్చి, ఎక్కడ తేడా ఉందో చూపాలి. అసలు కష్టం ఇక్కడే. నత్త పిల్లగా ఉన్నప్పుడు ఒకలా, పెద్దదయ్యాక ఒకలా ఉంటుంది. రాయి ఒత్తిడికి నలిగి ఆకారం మారిపోవచ్చు. అందుకే ఒక్క గుల్లను చూసి కొత్తది అనడానికి నిపుణులు వెనకాడతారు. తేడా నిలబడితే ఒక గుల్లను మూల నమూనాగా మ్యూజియంలో భద్రపరుస్తారు. వర్ణన అచ్చయ్యాకే పేరు చెల్లుతుంది. ఒకే జాతికి ఇద్దరు పేర్లు పెడితే సాధారణంగా ముందు అచ్చయినదే నిలుస్తుంది. సొంత పేరు పెట్టుకునే అలవాటు శాస్త్రవేత్తల్లో లేదు, ఊరి పేరు మాత్రం పెట్టొచ్చు. హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో మీ పిల్లలు చూసే డైనోసార్ కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. 1988లో యాదగిరి గారు పెట్టిన ఆ పేరులో ఉన్నది మన పాత ఆదిలాబాద్ జిల్లా ఊరే.

కాబట్టి ఒక మనవి. మీ పిల్లలు రాయి తెస్తే "చెత్త" అని పారేయకండి. సుత్తితో కొట్టకండి, యాసిడ్‌తో కడగకండి. ఏ ఊరు, ఏ గట్టు, ఏ తేదీ అని ఒక చీటీ రాసి దానితో పాటు కవర్లో పెట్టండి. చోటు తెలియని శిలాజం నిపుణులకు పెద్దగా పనికిరాదు. పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి పంపినా చాలు, నేను చూస్తాను.

ఆ బాబు ఇప్పుడు అమ్మమ్మకు ఫోన్ చేసి అది ఏ గట్టో కనుక్కుంటున్నాడు. ప్రస్తుతానికి అట్ట మీద ఉన్నది ఇంతే: "నత్త శిలాజం, నోరు ఎడమకు, నిర్మల్ వైపు."