గుండె కొలతకు చిత్రం దాచే తీరూ కీలకమే
వేర్వేరు యంత్రాల ఎకో అంకెలను పోల్చితే పొరపాటుకు అవకాశం

భట్టిప్రోలు: గుండె ఎకో పరీక్ష కోసం ఈ ప్రాంత రోగులు తెనాలికో, గుంటూరుకో, విజయవాడకో వెళ్తుంటారు. ఒకసారి ఒకచోట, మరోసారి మరోచోట పరీక్ష చేయించుకుని పాత సీడీని వెంట తీసుకెళ్లడం పరిపాటి. అయితే ఎకోలోని ‘స్ట్రెయిన్’ అనే కొలత విషయంలో ఈ అలవాటు వైద్యులను తప్పుదారి పట్టించవచ్చు. యంత్రం, సాఫ్ట్‌వేర్‌తో పాటు చిత్రాలను ఏ రూపంలో భద్రపరిచారన్నదీ ఆ అంకెను మార్చగలదు.

ఏమిటీ స్ట్రెయిన్?

గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎడమ జఠరిక కండరం పొడవు ఎంత శాతం తగ్గుతున్నదో తెలిపేదే స్ట్రెయిన్. పొడవు తగ్గుతుంది కనుక మైనస్ గుర్తుతో రాస్తారు. ఆరోగ్యవంతుల్లో ఇది సుమారు మైనస్ 20 శాతం. ఎకో చిత్రంలో కండరంపై కనిపించే సన్నని చుక్కలు ఒక ఫ్రేము నుంచి మరో ఫ్రేముకు ఎంత కదిలాయో కంప్యూటర్ లెక్కగడుతుంది.

రొమ్ము క్యాన్సర్ తదితర వ్యాధులకు ఇచ్చే డాక్సోరూబిసిన్ వంటి మందులు గుండెను దెబ్బతీయవచ్చు. ఎజెక్షన్ ఫ్రాక్షన్ పడిపోకముందే ఆ నష్టాన్ని స్ట్రెయిన్ పసిగట్టగలదు. చికిత్సకు ముందున్న విలువలో 15 శాతానికి మించి తగ్గితే హెచ్చరికగా భావించాలని 2022 నాటి ఐరోపా హృద్రోగ వైద్యుల సంఘం మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే మైనస్ 20 కాస్తా మైనస్ 17 కన్నా దిగజారితే అప్రమత్తం కావాలి.

తేడా ఎక్కడ?

యంత్రం తన సొంత రూపంలో దాచే మూల సమాచారంలో ఫ్రేములు, చుక్కల వివరాలు యథాతథంగా ఉంటాయి. సీడీలోకి ఎక్కించేటప్పుడు ఎక్కడైనా తెరుచుకునే డైకామ్ రూపంలోకి మారుస్తారు. ఆ ప్రమాణంలో దోషం లేదు. కానీ ఫైలు పరిమాణం తగ్గించేందుకు పలు యంత్రాలు చిత్రాన్ని కుదించి, ఫ్రేములను సెకనుకు 30కి తగ్గిస్తాయి. స్ట్రెయిన్‌కు సాధారణంగా 40 నుంచి 80 ఫ్రేములు కావాలి. నిమిషానికి 120 సార్లు కొట్టుకునే గుండెలో ఒక స్పందనకు పట్టేది అర సెకను. 60 ఫ్రేముల వేగంలో దానికి 30 చిత్రాలు దక్కితే, 30 ఫ్రేముల వేగంలో దక్కేవి 15 మాత్రమే. కండరం గరిష్ఠంగా ముడుచుకున్న క్షణం రెండు చిత్రాల నడుమ జారిపోవచ్చు. భట్టిప్రోలు స్తూపంలో 1892లో వెలుగుచూసిన ధాతు కరండాలపై అక్షరాలను రాతిమీద చదవడానికీ, నకలుకు తీసిన నకలులో చదవడానికీ ఉన్నంత తేడా ఇది.

యంత్రానికీ యంత్రానికీ కూడా తేడా ఉంటుంది. వివిధ కంపెనీల యంత్రాలపై జరిపిన పరిశీలన ఒకటి 2015లో వెలువడింది. అందులో స్ట్రెయిన్ విలువల మధ్య గరిష్ఠంగా 3.7 పాయింట్ల తేడా కనిపించింది. మందుల నష్టానికి హద్దుగా చూసే 3 పాయింట్ల కన్నా ఇది అధికం. ఫలితంగా బాగున్న గుండె దెబ్బతిన్నట్లు కనిపించి కీమోథెరపీకి అంతరాయం కలగవచ్చు. లేదా నిజమైన నష్టం మరుగున పడవచ్చు.

రోగులు ఏం చేయాలి?

* వీలైనంత వరకు ప్రతిసారీ అదే ఆస్పత్రిలో, అదే యంత్రంపై పరీక్ష చేయించుకోవాలి.
* యంత్రం, సాఫ్ట్‌వేర్ పేర్లు, ఫ్రేముల వేగం నివేదికలో రాయమని కోరాలి.
* సీడీ ఇచ్చేటప్పుడు ఫ్రేములు తగ్గించకుండా ఇవ్వమని అడగాలి.
* చికిత్సకు ముందు తీసిన మొదటి నివేదికను భద్రపరచుకోవాలి.
* అంకె తగ్గిందని సొంతంగా మందులు మానరాదు. వైద్యుని సంప్రదించాలి.