వెలుతురుతో పనిచేయు గణనయంత్రము

అంగడిలో వర్తకుని చేతనుండు చిన్న గణనయంత్రమునకు తీగ ఉండదు. కొన్నింటిలో బ్యాటరీ సైతము ఉండదు. అయినను మీట నొక్కినంతనే అంకెలు కనబడును. దానికి శక్తి ఎచ్చటనుండి లభించుచున్నది?

పూర్వకాలపు గణనయంత్రములకు మనుష్యుని చేతి బలమే ఆధారము. ఫ్రాన్సు దేశీయుడైన పాస్కల్ 1642లో నిర్మింప నారంభించిన యంత్రమున చక్రములను చేతితోనే త్రిప్పవలసియుండెను. విద్యుత్తు వచ్చిన పిదప లెక్క వేగవంతమయ్యెను. కాని శక్తివ్యయము పెరిగెను. జపానులో కాషియో సోదరులు నలుగురు 1957లో వెలువరించిన యంత్రము ఒక బల్లయంత యుండెను. అందు 342 రిలేలు, అనగా విద్యుదయస్కాంతముచే కదలు మీటలు, అమర్చబడెను. దాని బరువు 140 కిలోగ్రాములు. అది వాడుకొను విద్యుత్తు 300 వాట్లు.

రిలేల స్థానమున ట్రాన్సిస్టర్లును, పిమ్మట వేలకొలది ట్రాన్సిస్టర్లు ఇమిడిన సిలికాను బిళ్ళలును వచ్చెను. 1971 నాటికి యంత్రము అరచేతిలో ఇమిడెను. అయినను దాని ఎర్రని అంకెలు స్వయముగా వెలుగునవి. దీపము వెలుగుటకు చమురు కావలెను గదా! ఆ వెలుగు కొరకు బ్యాటరీలు త్వరగా ఖర్చగుచుండెను.

జపానులోని షార్పు సంస్థ ఇంజనీర్లు 1973లో ఈ చిక్కును తీర్చిరి. వారు అంకెలను వెలిగించుట మానిరి. గాజుపలకల నడుమ ద్రవస్ఫటికమను పదార్థమును ఉంచిరి. స్వల్పమైన విద్యుత్తు తగిలినచోట అది వెలుతురు పోవు తీరును మార్చును. అందుచే అంకె గోచరించును. నల్లబల్లపై సుద్దతో వ్రాసిన అక్షరము తాను వెలుగదు, పగటి వెలుతురున కనబడును. ఈ అంకెయు నట్టిదే. అందలి సిలికాను బిళ్ళ కూడ పొదుపైనదే. దాని ట్రాన్సిస్టర్లు స్థితి మారునప్పుడే విద్యుత్తును గ్రహించును. తక్కిన వేళల దాదాపు ఏమియు గ్రహింపవు. ఆ యంత్రము ఒక్క చిన్న బ్యాటరీతో 100 గంటలు పనిచేసెను.

అవసరము ఇంత తగ్గిన పిదప వెలుతురే చాలునదాయెను. ఆ సంస్థయే 1976లో సౌరఘటములు గల యంత్రమును వెలువరించెను. గదిలోని దీపకాంతికి సైతము చక్కగా పనిచేయు పలుచని సిలికాను పూత ఘటములు 1980 మొదలు వాడుకలోనికి వచ్చెను. నేటి సామాన్యమైన గణనయంత్రము, ఒక వాటును లక్ష భాగములు చేసినచో, అందు కొద్ది భాగములతోనే పనిచేయును.

ఈ విషయమును సులభముగా పరీక్షింపవచ్చును. బ్యాటరీ లేని యంత్రముపై సౌరఘటమును వ్రేలితో పూర్తిగా కప్పినచో అంకెలు మెల్లగా మాయమగును. బ్యాటరీ కూడ ఉన్నచో అవి నిలిచియుండును.

ఘటములు బలము పుంజుకొనుటచేత మాత్రమే ఈ యంత్రమునకు వెలుతురు చాలలేదు. యంత్రము ఆకలి ముందుగా తగ్గినది. ఇంటి దీపముల విషయమును ఇట్టిదే. పూర్వపు 60 వాట్ల బల్బు ఇచ్చిన వెలుగును నేటి ఎల్.ఇ.డి. దీపము సుమారు 9 వాట్లతోనే ఇచ్చుచున్నది. శక్తిని క్రొత్తగా సంపాదించుట యొక విద్య. ఉన్నదానితో పని నెరవేర్చుట అంతకు తక్కువ కాని విద్య.