నీటి కోసం వచ్చి వెలుగునిచ్చారు

విద్యుత్ సంస్థలో పదవీ విరమణ చేసిన మేము దంపతులమిద్దరమూ అట్లాంటాలోని మా అబ్బాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, అమెరికా దక్షిణ ప్రాంతపు చిన్న ఊళ్ళను చూడాలన్న కోరికతో ఒక శనివారం ఉదయం కారులో బయలుదేరాము. న్యూనన్ దాటాక రహదారి సన్నబడింది. ఇరువైపులా పైన్ వృక్షాలు, పచ్చిక బయళ్ళు, నడుమ గ్రీన్‌విల్ వంటి ప్రశాంతమైన పట్టణాలు. సుమారు 110 కిలోమీటర్లు ప్రయాణించి, జార్జియా రాష్ట్రంలోని వార్మ్ స్ప్రింగ్స్ చేరుకున్నాము.

ఉష్ణగుండం అనగానే బియ్యం ఉడికే మణికరణ్ మనకు గుర్తుకు వస్తుంది. ఇక్కడి నీరు అంత వేడిగా ఉండదు; సుమారు 31 డిగ్రీల గోరువెచ్చని నీరు. కొండపై కురిసిన వాన భూమి లోతుల్లోకి ఇంకి, అక్కడి వేడిని గ్రహించి మళ్ళీ పైకి ఉబికి వస్తుంది. 1921లో, 39వ ఏట పోలియో సోకి కాళ్ళు చచ్చుబడిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1924లో ఈ నీటిని వెతుక్కుంటూ వచ్చారు. నీటిలో శరీరం తేలికై కాళ్ళు కదిలాయి. గట్టెక్కితే మళ్ళీ ఆసరా తప్పలేదు. వ్యాధి నయం కాకపోయినా, తనవంటి రోగుల కోసం 1927లో అక్కడొక చికిత్సా సంస్థను నెలకొల్పారు. 1932లో ఆ ఊళ్ళోనే చిన్న ఇల్లు కట్టుకున్నారు. 1945 ఏప్రిల్ 12న ఆ ఇంట్లోనే కన్నుమూశారు.

ఆనాటి స్నానపు కొలనులు నేడు ఖాళీగా ఉన్నాయి. సందర్శకుల కోసం ఉంచిన తొట్టెలో చేయి ముంచి, ఆ గోరువెచ్చదనాన్ని మేమూ చవిచూశాము.

అయితే మమ్మల్ని అంతదూరం రప్పించింది నీరు కాదు, ఒక కరెంటు బిల్లు. తొలి రోజుల్లో అక్కడి కుటీరంలో ఉండగా రూజ్‌వెల్ట్‌కు యూనిట్‌కు 18 సెంట్ల చొప్పున బిల్లు వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని సొంత ఇంటికి చెల్లించే ధరకు అది దాదాపు నాలుగు రెట్లు. మరొకరైతే గొణుక్కుంటూ చెల్లించి ఊరుకునేవారు. పల్లెలో వెలుగు ఎందుకింత ఖరీదన్న ప్రశ్న ఆయనను వదలలేదు. 1935లో అధ్యక్షుడిగా ఆయన గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించేనాటికి, ఆ దేశపు పల్లెల్లో పది ఇళ్ళకు దాదాపు ఒక్క ఇంటికే విద్యుత్తు ఉండేది. లాభం రాదని కంపెనీలు తీగలు లాగని చోట, రైతులు సహకార సంఘాలుగా ఏర్పడి ప్రభుత్వ రుణంతో స్తంభాలు పాతుకున్నారు.

తిరుగు ప్రయాణంలో థామస్టన్ మీదుగా వచ్చి బార్న్స్‌విల్‌లో ఆగాము. 1938 ఆగస్టు 11న అక్కడి సహకార సంఘపు సరఫరాను ప్రారంభిస్తూ, తన ఆలోచనకు మూలం వార్మ్ స్ప్రింగ్స్‌లో వచ్చిన బిల్లేనని రూజ్‌వెల్ట్ చెప్పుకున్నారు. ఆ సహకార మార్గం మనకూ పరాయిది కాదు. 1970లో సిరిసిల్లలో మొదలైన సహకార విద్యుత్ సరఫరా సంఘం మన తెలుగు నేల మీదనే ఉన్నది.

కారులో ఇంటికి వస్తుంటే మాకొక పాత సంగతి గుర్తుకు వచ్చింది. మేము పల్లెటూరి సెక్షన్ ఆఫీసులో పనిచేసే రోజుల్లో ఒక వృద్ధ రైతు మడతలు పడిన బిల్లుతో వచ్చి, ఇంత ఎందుకు వచ్చిందని అడిగారు. నెలాఖరు పనుల ఒత్తిడిలో, ముందు కట్టండి, తరువాత చూద్దామని పంపివేశాము. ఆయన మళ్ళీ రాలేదు. ఆ లెక్క సరైనదో కాదో మేమూ చూడలేదు.

అందుకే ఈ పత్రిక చదివే యువ సహోద్యోగులకు మా మనవి ఒక్కటే. బిల్లు పట్టుకొని వచ్చిన మనిషిని ముందు కూర్చోబెట్టండి. ఆయన ప్రశ్న పూర్తిగా వినండి.