బంజారా కొండలకు తగిన బండి

సాయంకాలము ఆఱు దాటిన పిమ్మట జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు సిగ్నలు చెంత నిలుచు కార్లలో ముప్పాతిక మువ్వీసము ఒక్కరే కూర్చున్నవి. ఐదుగురికి సరిపడు ఇనుపగదిని, టన్నుకు మించిన బరువును, ఒక్క మనుష్యుని ఇంటికి జేర్చుటకై ఈడ్చుకొనిపోవు ఈ వ్యవహారమును చూచి చూచి విసిగినవారు, కారును ఇంట నిలిపి విద్యుత్ బండిపై ఉద్యోగమునకు పోవుదుమా యని యోచించుట నేడు సర్వసాధారణమైనది. ఆ యోచన మంచిదే. అయితే ఈ ప్రాంతమున బండిని ఎన్నుకొనుటకు ముందు ఇచ్చటి నేలను ఎఱుగవలెను.

అక్కినేని నాగేశ్వరరావుగారు 1970వ దశకమున రాళ్లగుట్టల నడుమ అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిన నాటికిని నేటికిని ఇచ్చటి ఇండ్లు మారినవే కాని గుట్టలు మారలేదు. రోడ్లు వానిని చుట్టి, ఎక్కి, దిగి పోవుచున్నవి. కనుక ఇచ్చట మొదట అడుగవలసిన ప్రశ్న ఒక్క ఛార్జికి ఎన్ని కిలోమీటర్లు పోవుననునది కాదు, ఎత్తు ఎట్లు ఎక్కుననునది. 250 వాట్లకు లోబడిన మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లకు లోబడిన వేగముతో నడచు తేలికబండ్లకు కేంద్ర నిబంధనల ప్రకారము రిజిస్ట్రేషనుగాని లైసెన్సుగాని అక్కరలేదు. అందుచేతనే అవి పలువురిని ఆకర్షించుచున్నవి. కాని బండియు మనిషియు కలిసి 150 కిలోలనుకొని, పదునైదడుగులకు ఒక అడుగు లేచు వాలుపై లెక్కగట్టినచో, ఆ 250 వాట్లు నష్టమేమియు లేకుండ చక్రమునకు చేరినను వేగము గంటకు తొమ్మిది కిలోమీటర్లకు మించదు. వెనుక ఒకరిని ఎక్కించుకొన్నచో చెప్పనక్కరలేదు. ఇట్టి బండి చదునైన ఊళ్లలో చక్కని సాధనమే. ఈ కొండలపై మాత్రము, వెనుకనుండి హారన్లు మ్రోగుచుండగా, నడిరోడ్డున ప్రాణము విసుగెత్తించును. రిజిస్ట్రేషను గల పెద్ద మోటారు బండినే తీసికొనవలెనని నా నిశ్చితాభిప్రాయము. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో విద్యుత్ వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వరకు మినహాయించుటచే ఆ భారమును తగ్గినది.

ఖర్చు సంగతి చెప్పుటకు ఎంతోసేపు పట్టదు. రానుపోను ఇరువది కిలోమీటర్లు తిరుగువానికి బండి త్రాగు విద్యుత్తు ఒక యూనిటుకు లోపు. యూనిటు పది రూపాయలనుకొన్నను అంతకు మించదు. లీటరుకు పండ్రెండు కిలోమీటర్లిచ్చు కారుకు అదే దూరమునకు పెట్రోలు నూట అఱువది రూపాయలకు తక్కువ కాదు.

బ్యాటరీ అంటుకొనునేమో యను భయమును కొట్టిపారవేయరాదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో, క్రింద విద్యుత్ స్కూటర్ల షోరూమును పైన లాడ్జియు గల భవనమున రేగిన మంటలకు, పొగకు ఎనిమిదిమంది ప్రాణములు గోల్పోయిరి. బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 అను ప్రమాణమును కేంద్రము ఆ సంవత్సరముననే కఠినతరము చేసి, 2022 డిసెంబరు నుండి ఒక విడత, 2023 మార్చి 31 నుండి రెండవ విడత అమలు పఱచినది. కావున సెకండ్‌హ్యాండు బండి కొనువారు తయారైన తేదీని తప్పక చూడవలెను. సెల్ రకమునుగూడ అడుగుడు: లిథియం ఐరన్ ఫాస్ఫేటుది బరువు కొంత యెక్కువైనను వేడికి ఓర్చుకొనును, మన మే నెల ఎండలకు అది చిన్న గుణము కాదు. ఎండనుండి వచ్చిన వెంటనే ఛార్జింగునకు పెట్టక, బ్యాటరీ చల్లారువఱకు ఆగుట మేలు.

అపార్టుమెంటు వాసులకు వేఱొక చిక్కు కలదు. సెల్లారులో ప్లగ్గు పెట్టుటకు అసోసియేషను ఒప్పుకొనినచో సరేసరి. ఒప్పుకొననిచో ఊడదీసి పైకి తీసికొనిపోదగు బ్యాటరీయే శరణ్యము. పది కిలోల చిల్లర బరువును చేతబట్టుకొని లిఫ్టు పనిచేయని దినమున నాలుగంతస్తులు ఎక్కుట తనకు సాధ్యమో కాదో కొనువాడే ఆలోచించుకొనవలెను. రాత్రి పడకగది గుమ్మమున, బయటికి పోవు దారికి అడ్డముగా దానిని ఛార్జింగునకు పెట్టుట మాత్రము ఎంతమాత్రము కూడదు.

కారును అమ్మివేయుమని నేననను. వాన కుమ్మరించి రోడ్లు చెరువులైన నాడు, వృద్ధులైన తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసికొనిపోవలసిన నాడు అది ఉండనిండు. తక్కిన దినములకు బండి కొనబోవువారు, షోరూము ముందరి చదునైన రోడ్డుపై ఇచ్చు టెస్టు రైడుతో తృప్తిపడక, ఇంటివారినొకరిని వెనుక కూర్చుండబెట్టుకొని, బ్యాటరీ ఇరువది శాతమునకు దిగిన బండినే అడిగి, ఫిలింనగరులోని ఏదేని నిటారు వీధిలో సగము ఎక్కి ఆపి, తిరిగి కదిలించి చూడవలెను. ఛార్జి తగ్గినపుడు పెక్కు బండ్లు తమ శక్తిని తామే తగ్గించుకొనును గనుక, అచ్చట వెనుకకు జాఱక ముందుకు సాగిన బండికే సొమ్ము చెల్లింపవచ్చును.