ఇరుసు కింద ఎంత ఖాళీ?

రండర్రా, ఇలా అరుగు మీద సర్దుకుని కూర్చోండి. చిట్టితల్లీ, ఆ జంతికల పళ్ళెం మధ్యలో పెట్టమ్మా, అందరికీ అందుతుంది. పొద్దున్నుంచీ మీరంతా మీ పెద్దన్నయ్య జిమ్నీ జీపు చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నారు కదా! వాడు దానికి స్ప్రింగులు మార్పించి 40 మిల్లీమీటర్లు ఎత్తు పెంచుతాడట, ఆపైన పెద్ద టైర్లు వేయిస్తాడట. ఎంత పెద్దవిరా అంటే ‘చూడ్డానికి బాగుండేంత’ అన్నాడు. అదేం కొలతరా! వాడు కొలవకపోతే మానె, మనం కొలుద్దాం.

ముందు వంగి బండి కిందకి చూడండి. రెండు చక్రాల మధ్య అడ్డంగా లావుపాటి ఇనప గొట్టం కనబడుతోందా? అదే ఇరుసు. ఎడ్లబండికి ఉన్నట్టే దీనికీ ఉంది. దాని మీద ఒకచోట ఉబ్బెత్తుగా ఉందే, అది డిఫరెన్షియల్. ఇంజను తిప్పుడును రెండు చక్రాలకూ పంచిపెట్టేది అదే. నేలకు అతి దగ్గరగా వేలాడేదీ అదే. జిమ్నీకి 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ అని కంపెనీవాళ్ళు రాస్తారు చూశారా, ఆ లెక్క ఈ ఉబ్బు దగ్గరిదే. బండి గాళ్ళు పడిన దారిలో రెండు గాళ్ళ మధ్య గడ్డి మొలిచి ఎత్తుగా ఉంటుంది కదా, ముందుగా గీసుకునేది కూడా ఇక్కడే.

మరి స్ప్రింగు ఎక్కడుంది? ఇరుసు మీద. పొడుగు స్ప్రింగు పెడితే దానిపైన ఉన్నవన్నీ, ఛాసిస్సూ, తలుపులూ, సీట్లో కూర్చున్న మీ అన్నయ్యా, అన్నీ లేస్తాయి. ఇరుసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కాలవ దాటేటప్పుడు పంచె ఎగ్గడితే బట్ట తడవదు గానీ పాదాలు నీళ్ళలోనే ఉంటాయి కదా, అలాగన్నమాట. 40 మిల్లీమీటర్లు లేపినా ఆ 210 అలాగే 210.

ఇరుసును పైకి లేపాలంటే మామూలుగా చక్రమే పెద్దదవ్వాలి. అందులోనూ చిన్న మెలిక. ఇరుసు ఉండేది చక్రం నడిమధ్యన. అందుకని టైరు ఎత్తు ఎంత పెరిగితే అందులో సగమే ఇరుసుకు దక్కుతుంది. మిగతా సగం నెత్తిమీదికి, మడ్‌గార్డు వైపుకి పోతుంది. ఈ సగం సంగతి తెలిస్తే టైర్ల బేరంలో సగం పని అయిపోయినట్టే.

మా చిన్నప్పుడు ఎడ్లబండి చక్రాలు ఐదడుగుల దాకా ఉండేవి. అంతెత్తు చక్రం ఎందుకు చేశాడు వడ్రంగి? కలప ఎక్కువై కాదు. నల్లరేగడిలో వానాకాలం గాడి మోకాలి లోతు పడుతుంది. ఇరుసు దానికి పైనే ఉండాలి. ఇంకో లాభం కూడా ఉంది, చెప్తాను వినండి. దారిలో 150 మిల్లీమీటర్ల ఎత్తు రాయి అడ్డం వచ్చిందనుకోండి, జానెడు కన్నా తక్కువే. చక్రం మీద 100 కిలోల బరువుంటే, ఆ ఐదడుగుల చక్రాన్ని రాయి ఎక్కించడానికి సుమారు 75 కిలోల నెట్టుడు సరిపోతుంది. జిమ్నీ చక్రానికైతే అదే బరువుకి, అదే రాయికి 145 కిలోల నెట్టుడు కావాలి! ఎందుకంటే చక్రం చిన్నదైన కొద్దీ రాయి కొస ఇరుసు ఎత్తుకు దగ్గరవుతుంది. రాయి ఇరుసంత ఎత్తుంటే ఇక అది గోడే, ఎంత నెట్టినా ఎక్కదు. రబ్బరు సాగి రాయిని కరుచుకుంటుంది, ఇంజను ఆ చక్రాన్నే తిప్పుతుంది కనక జీపుకు అసలు పని ఇంత కష్టం కాదనుకోండి. అయినా దమ్ము చేసే ట్రాక్టరుకు వెనక చక్రాలు ఎందుకంత పెద్దవో ఇప్పుడు మీకే తెలిసిపోయిందిగా.

సరే, టైరు పక్కన అచ్చుపోసిన అంకెలు చదవరా బుజ్జిగా. 195/80 ఆర్ 15. ఇందులో 195 వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 మాత్రం మిల్లీమీటర్లు కాదు, శాతం. వెడల్పులో 80 శాతం టైరు పక్కగోడ ఎత్తు. అంటే 156 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. చివరి 15 రిమ్ము అడ్డుకొలత, అదేమో అంగుళాల్లో! ఒకే వరసలో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు. ఎవరు కలిపారో గానీ మహా చిత్రమైన పులగం. ఇప్పుడు కూడండి. పక్కగోడ పైనొకటి, కిందొకటి, రెండూ 312. రిమ్ము 15 అంగుళాలంటే 381. మొత్తం 693 మిల్లీమీటర్లు. పలక మీద వేసేసే లెక్కే కదా.

పాత జీపుకు ఇంత తతంగం లేదు. రెండో ప్రపంచయుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపు టైరు 6.00-16. ఆరంగుళాల వెడల్పు, పదహారంగుళాల రిమ్ము, అంతే. ఆ తర్వాత మహీంద్రావాళ్ళు మన దేశంలో బిగించి అమ్మింది విల్లీస్ జీపులనే. తమాషా ఏమిటంటే, రేపు పొలం వెళ్ళినప్పుడు ట్రాక్టరు ముందు టైరు చూడండి. చాలావాటికి ఇప్పటికీ అదే అంకె, 6.00-16. యుద్ధానికెళ్ళిన సైజు నాగలి వెనకేసుకుని మన ఊళ్ళో తిరుగుతోంది! టైర్లు ఎక్కడినుంచో రావక్కర్లేదు కూడా. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ కర్మాగారం ఉంది. అచ్యుతాపురంలో 2022 నుంచి యొకొహామావాళ్ళు పొలం పనుల బళ్ళకీ, గనుల బళ్ళకీ టైర్లు చేస్తున్నారు.

ఏమిటీ, దారి తప్పానా? వస్తున్నా, వస్తున్నా. మీ అన్నయ్య ముందు రెండు సైజులున్నాయి. ఒకటి 215/75 ఆర్ 15. లెక్క వేస్తే 703న్నర మిల్లీమీటర్లు వస్తుంది. పాతదానికన్నా పదిన్నర ఎక్కువ. అందులో సగం, అయిదు మిల్లీమీటర్లు! ఇరుసుకు దక్కేది మీ చిటికెన వేలి మందం కూడా లేదు. ఇంకో సంగతి వినండి. కొత్త టైరుకు గాట్ల లోతు ఎనిమిది మిల్లీమీటర్లుంటే, చట్టం ఒప్పుకునే చివరి లోతు 1.6. అంటే అరిగి అరిగి టైరు ఎత్తు దాదాపు 13 మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. కొత్త సైజుతో సంపాదించినదానికన్నా అరుగుదలలో పోయేదే ఎక్కువ. 215 వేసుకుంటే తప్పేం లేదు, కాస్త వెడల్పు, కాస్త నిండుదనం. కానీ ఎత్తు కోసం అని మాత్రం అనకూడదు. దానికి స్ప్రింగులు మార్చే అవసరమూ లేదు.

రెండోది 235/75 ఆర్ 15. ఇది 733న్నర. తేడా 40 మిల్లీమీటర్లు, ఇరుసుకు 20. ఇప్పుడు 210 కాస్తా 230 అయింది. ఇది కాలికి తెలిసే తేడా. గడ్డి గీసుకోవడానికీ దాటిపోవడానికీ మధ్య తేడా.

అయితే తాతయ్యా, స్ప్రింగులు దండగేనా అంటారేమో. కాదు. ఆ పెద్ద టైరు మసలడానికి చోటు కావాలిగా! స్టీరింగు పూర్తిగా తిప్పి, ఒక చక్రం గట్టు ఎక్కి మరొకటి గుంటలో దిగినప్పుడు టైరు మడ్‌గార్డు లోపలికి దూరుతుంది. అక్కడ రాసుకుంటే రబ్బరు చెక్కుకుపోతుంది. ఆ ఖాళీని స్ప్రింగు ఇస్తుంది. పైగా బండి పొట్ట లేస్తుంది. ఈ జిమ్నీ అయిదు తలుపులది, రెండు ఇరుసుల మధ్య 2,590 మిల్లీమీటర్ల దూరం. గట్టు మీదికెక్కి అవతలికి వాలేటప్పుడు నడుమ పొట్ట ఆనుకుంటుంది. ఇరుసుల మధ్య పొట్టకు కంపెనీ చెప్పిన కోణం 24 డిగ్రీలే, ముక్కుకు మాత్రం 36. స్ప్రింగులు లేపితే ఆ 24 కాస్త పెరుగుతుంది. అంటే స్ప్రింగు పొట్ట కోసం, టైరు ఇరుసు కోసం. టైరు పొట్టనూ కాస్త లేపుతుంది గానీ, స్ప్రింగు మాత్రం ఇరుసును లేపదు.

అలాగని లేపుకుంటూ పోతే? మీ సైకిలు ముందు ఫోర్కు చూడండి, నిటారుగా ఉండదు, వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు వల్ల కూడా చేతులు వదిలేసినా సైకిలు తిన్నగా పోవడానికి మొగ్గుతుంది. చేతులు వదలమని కాదు, మీ అమ్మ నన్ను చంపేస్తుంది! జిమ్నీ ముందు ఇరుసుకూ అలాంటి వాలే ఉంది. స్ప్రింగు పొడుగైతే ఇరుసును పట్టుకున్న చేతులు కిందికి తిరిగి ఆ వాలు తగ్గిపోతుంది. హైవే మీద స్టీరింగు అటూ ఇటూ వెతుక్కుంటుంది. 40 మిల్లీమీటర్ల దగ్గర ఆగాలన్న వాడి ఆలోచన మటుకు నాకు నచ్చింది.

ఇక ఖర్చు వైపు చూద్దాం. డబ్బు ఖర్చు కాదు, బలం ఖర్చు. టైరు దాదాపు ఆరు శాతం పెద్దదైతే గేర్లన్నీ ఆరు శాతం బరువైనట్టే. మారేడుమిల్లి ఘాటు ఎక్కుతుంటే మూడో గేరులో పోయే మలుపుకి రెండో గేరు అడుగుతుంది. బ్రేకు కూడా అంత ఎక్కువ పట్టాలి. రాళ్ళ మీద పాకేటప్పుడు మాత్రం బాధ లేదు. ఫోర్ ఎల్‌లో, అంటే నాలుగు చక్రాలూ తిరిగే నెమ్మది గేర్లో వేస్తే బలం రెండింతలవుతుంది, ఈ ఆరు శాతం అందులో కలిసిపోతుంది. అడవి కోసం కొన్న టైరు రోడ్డు మీదే ఎక్కువ బరువనిపించడం వింతగా లేదూ?

మైలేజీ పడిపోయిందని మొత్తుకునేవాళ్ళు ఓ చిన్న లెక్క మరిచిపోతారు. మీటరు చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది, చుట్టు పెద్దదయిందని దానికి తెలియదు. మీటరు 100 కిలోమీటర్లు అంటే నిజంగా పోయింది దాదాపు 106. పెట్రోలు లెక్క కట్టేముందు ఆ ఆరూ కలుపుకోవాలి. వేగమూ అంతే, మామూలుగా మీటర్లు ఉన్న వేగం కన్నా కొంచెం ఎక్కువే చూపిస్తాయి, పెద్ద టైరు వేస్తే ఆ ఎక్కువ కాస్తా కరిగిపోయి తక్కువ చూపించే దాకా పోవచ్చు. జీపీఎస్‌తో ఓసారి సరిచూసుకోవాలి.

వెడల్పు ఎక్కువైతే నేలను ఎక్కువ పట్టుకుంటుందని అందరూ అంటారు. ఈ బండి బరువు సుమారు 1,200 కిలోలు, చక్రానికి 300. టైరులో గాలి చదరపు సెంటీమీటరుకు రెండు కిలోలు నెడుతుంటే, నేలకు ఆనే చోటు సుమారు 150 చదరపు సెంటీమీటర్లు. టైరు వెడల్పయినా సన్నదైనా, గాలి అంతే ఉంటే ఆ మచ్చ సుమారుగా అంతే. ఆకారం మాత్రం మారుతుంది, పొడుగుది కాస్తా అడ్డమవుతుంది. మచ్చ నిజంగా పెరగాలంటే గాలి తగ్గించాలి. ఇసుకలో గాలి సగానికి దించితే బండి తేలిపోతుంది, పైసా ఖర్చు లేదు. టైరు అణిగి ఇరుసు కాస్త కిందికి దిగుతుంది, అదొక్కటే లోటు. తారురోడ్డెక్కే ముందు మళ్ళీ గాలి నింపాలి, లేకపోతే పక్కగోడలు కాగిపోతాయి. ఇసుక అన్నానని సముద్రపొడ్డుకి తోలకండర్రా! చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మన తీరంలో గుడ్లు పెడతాయి.

వాడితో ఇంకో మాట చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. కంపెనీ ఇచ్చిన మూల కొలతలు మారేలా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. స్ప్రింగులు లేపితే ఆర్టీవో ఆపవచ్చు, ఇన్సూరెన్సువాళ్ళు పేచీ పెట్టవచ్చు. కొన్ని బళ్ళకు కంపెనీయే రెండు సైజులిస్తుంది. మహీంద్రా థార్‌కు 245/75 ఆర్ 16 ఒకటి, 255/65 ఆర్ 18 ఒకటి. అలాంటివాటిలో ఒకదాన్నుంచి ఇంకోదానికి మారితే పేచీ తక్కువ. జిమ్నీకి అలా లేదు. టైరు మీద సైజు పక్కనే 96 ఎస్ అని ఉంది చూశారా? 96 అంటే ఒక్కో టైరు 710 కిలోలు మోస్తుందని గుర్తు. కొత్తదాని మీద అంతకు తగ్గకూడదు.

నన్నడిగితే ముందు ఉన్న సైజులోనే గాట్లు లోతుగా ఉండే ఏ/టీ టైర్లూ, అంటే అన్ని రకాల నేలకూ పనికొచ్చేవీ, ఒక మంచి గాలి గేజీ కొనుక్కుని ఏడాది తిరగమంటాను. అప్పటికీ ఇరుసు తగులుతుంటే 235. వినడనుకోండి. కుర్రాడు, వినకపోతేనే బాగుంటుంది.

కొనేటప్పుడు మాత్రం నాలుగు కాదు, ఐదు కొనాలి. స్టెప్నీ వెనక తలుపుకు వేలాడుతుంది, బరువెక్కితే ఆ కీళ్ళూ ఓసారి చూపించుకోవాలి. పాత చిన్న స్టెప్నీనే ఉంచుకుంటే చిక్కేమిటంటే, ఫోర్ వీల్ కలిపినప్పుడు ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. ఒక చక్రం చిన్నదైతే గట్టి రోడ్డు మీద వాటి మధ్య పెనుగులాట మొదలై ఆ ఒత్తిడంతా తిప్పుడును ముందుకీ వెనక్కీ పంచే గేర్ల మీద పడుతుంది. అలాంటప్పుడు టూ హెచ్‌లోనే, అంటే వెనక చక్రాలు మాత్రమే తిరిగే గేర్లోనే ఉంచి, పంచరు షాపు దాకా నెమ్మదిగా లాక్కురావాలి.